గీత దాటిన ఎరుపు

మ్యూజియంలో కొత్త ప్రదర్శన తలుపులు తెరిచేలోగా చేయవలసిన పనులు: గాజు పెట్టెల్లో దీపాలు చాలినంత మసకగా ఉన్నాయో లేదో చూడాలి. లేసు కార్డుల పెట్టె మీద వేలిముద్రలు తుడిపించాలి. వచ్చినవాళ్ళు లాగి ఆడుకోవడానికి చేయించిన నకలు కార్డుకి కాగితపు నాలిక ఊడొచ్చేలా ఉంది, జిగురు పెట్టాలి. వైన్ గ్లాసుతో ఎవరినీ లోపలికి రానివ్వొద్దని గుమ్మం దగ్గర కాపలా ఉండే బెవ్‌కి గుర్తుచేయాలి. డైరెక్టర్ ఇమొజెన్ ఉపన్యాసాన్ని పెద్ద అక్షరాల్లో అచ్చుతీసి ఆమె చేతికివ్వాలి. అమ్మకోసం వీపు ఆన్చుకునే కుర్చీ ఒకటి పై అంతస్తు నుంచి దింపించాలి. అమ్మ వచ్చేలోగా అమ్మకి చెప్పాలి.

అన్నీ అయ్యాయి, ఆ చివరిది తప్ప. నిజానికి అది మొదట ఉండవలసింది. ఆ పెద్ద బొమ్మ అచ్చుకి వెళ్ళిన రోజునే చెప్పవలసింది. కానీ లియాన్ దాన్ని ఎప్పుడూ అడుగునే రాసుకుంటూ వచ్చింది, అడుగున మిగిలినదాన్ని రేపటి కాగితంలోకి ఎత్తి రాసుకోవచ్చు గనుక. ఇవాళ మాత్రం రేపు లేదు. ఇంకో గంటలో తలుపులు తీస్తారు, అమ్మ ఈపాటికి బస్సెక్కే ఉంటుంది, తూర్పు లండన్ అంతా తడిసి మెరుస్తూ ఉంటుంది, వాన పడీపడనట్టు పడుతూ, అమ్మ ఆ పచ్చ ఉన్ని కోటు వేసుకునే ఉంటుంది, లియాన్ పట్టా పుచ్చుకున్న నాడు వేసుకున్న కోటు, తర్వాత రెండు పెళ్ళిళ్ళకీ ఒక చావుకీ తప్ప బీరువాలోంచి బయటికి రాని కోటు. ఫోను తీసింది. నొక్కింది. ఇప్పుడు చెప్పేస్తే అయిపోతుంది, రెండు ముక్కలు, అమ్మా, నేను మాటిచ్చినట్టు జరగలేదు.

"ఆ, ఎక్కానే, ఎక్కాను. పైన ముందు సీటు దొరికింది, మహారాణిలా కూర్చున్నా. వాడెవడో పక్క సీటు మీద కాళ్ళు పెట్టాడు, ఉండు. బాబూ, కాళ్ళు దించుతావా, మీ అమ్మ సోఫా కాదిది! ఆ, ఇప్పుడు చెప్పు."

"అమ్మా, నీకొక మాట చెప్పాలి."

"చెప్పు మరి. గొంతేంటి అలా ఉంది? తిన్నావా ఏమైనా?"

"తిన్నాను. ఏం లేదు, ఇక్కడ చలిగా ఉంటుంది, మఫ్లర్ తెచ్చుకున్నావా అని."

"నీకు మఫ్లర్ కట్టి బడికి పంపినదాన్ని నేనే తల్లీ, నాకు చెప్తున్నావా," అని అమ్మ నవ్వి పెట్టేసింది. ఆ నవ్వు కాసేపు లియాన్ చెవిలో ఉండిపోయింది, రేకు డబ్బాలో గుండీలు కదిలినట్టు.

తల ఎత్తితే ఎదురుగా ఆ బొమ్మ. మనిషికన్నా ఎత్తు, హాలు పైకప్పు నుంచి గుడ్డ మీద వేలాడదీశారు. కొక్కెంలాంటి ముక్కు, పుల్లల్లాంటి చేతులు, ఒక చేతిలో చేతి అద్దం, ఎర్రగా పూసిన పెదవులు ముందుకు చాచి ఆ అద్దాన్ని ముద్దుపెట్టుకోబోతున్న ముసలి కన్య. కింద పద్యం. పెదవికి రంగులు పూసితివమ్మా, పెళ్ళికొడుకెవడూ రాడమ్మా, అద్దమె నీకిక మొగుడమ్మా, ముద్దులు దానికె పెట్టమ్మా. అమ్మకాల బల్ల మీద అదే పద్యం కప్పుల మీద, సంచుల మీద, గిన్నెలు తుడిచే గుడ్డల మీద. అసలు కార్డు అరచేతికి కాస్త పెద్దది, అంతే, లోపలి గదిలో చివరి పెట్టెలో ఉంది, చిన్న దీపం కింద, నాలుగు మడతలు పడ్డ పలచటి కాగితం. వెనిగర్ కార్డులంటారు వీటిని. తీపి కార్డులు అమ్మిన దుకాణాల్లోనే, అదే బల్ల మీద, పక్క పక్కనే ఇవీ అమ్మేవారు. ప్రేమికుల రోజున ప్రేమించినవాళ్ళకి లేసు కాగితం, పావురాలు, బాణం గుచ్చిన గుండె. కిట్టనివాళ్ళకి ఇది, పేరు లేకుండా, టపాలో. బట్టతలవాడికొకటి, లావుపాటి వంటావిడకొకటి, పెళ్ళికాని దానికొకటి. అందుకున్నవాళ్ళు వీటిని పొయ్యిలో పడేసేవారు, అందుకే మ్యూజియాల్లో ఉన్నవన్నీ అమ్ముడుపోని సరుకే, మడత నలగనివే. మడత నలిగినది, నిజంగా ఒక తలుపు సందులోంచి ఒక ఇంట్లో పడినది, ఒక మనిషి చేత్తో విప్పి చదివినది దొరకడం అరుదు. అది దొరికినరోజు ఇమొజెన్ చప్పట్లు కొట్టింది. లియాన్, దీన్ని ఎక్కడ పట్టావ్ నువ్వు! ఎక్కడ పట్టింది, అమ్మమ్మ అద్దం వెనక.

"ఏంటమ్మా, పెళ్ళికూతురు తల్లిలాగా ఆ గుమ్మం వైపే చూస్తున్నావు?" బెవ్, కాపలా బెంచీ మీద బూట్లు సడలించుకుంటూ.

"అమ్మ వస్తోంది."

"నోరీనా! అయితే సాసేజ్ రోల్స్ నాలుగు రుమాలులో చుట్టి పెడతాను, ఈ వైన్ మనుషులు ఏమీ మిగల్చరు, చూడ్డానికే నాజూకు." బెవ్ గుడ్డ మీది బొమ్మ వైపు గడ్డం ఎత్తి చూపించింది. "వారం నుంచి పొద్దున్నే దీనికి గుడ్ మార్నింగ్ చెప్తున్నా. అచ్చం మా అత్తగారి మూతి. ఆవిడా అంతే, ముద్దు పెడితే అద్దమే పగలాలి."

లియాన్ నవ్వింది. నవ్వు దానంతటదే వచ్చింది, ఆపుకునేలోపు. బెవ్ మంచి మనిషి, దేన్ని చూసి నవ్వుతోందో బెవ్‌కి తెలీదు, ఎవరికీ తెలీదు, తెలిసినది ఒక్కతే, ఆ ఒక్కతీ నవ్వింది. లోపలి గదిలోకి నడిచింది, దీపాలు చూసే వంకతో, అవి అప్పటికే రెండుసార్లు చూసినవే. గోడల మీద నాలుగు వందల ఏళ్ళ ప్రేమ, రాగి రేకు మీద చెక్కి కాగితం మీదికి దింపిన ప్రేమ. జర్మనీవాడి అచ్చులో కుర్రవాడు పిల్లకి పువ్వందిస్తున్నాడు, చెట్టు వెనక చావు ఇసుకగడియారం పట్టుకుని వాళ్ళ వంతు కోసం నిలబడింది. పారిస్ అచ్చుల్లో ఉయ్యాలలు, జారిన చెప్పులు, తలుపు గడియ వేస్తున్న చేతులు. వియన్నా కార్డులో పట్టీ లాగితే గులాబీ విచ్చుకుని లోపలినుంచి, నిన్నే, అనే మాట బయటికొస్తుంది, ఇప్పుడు లాగేవాళ్ళు లేరు, గాజు వెనక ఆ మాట లోపలే ఉండిపోయింది. ప్రతిదాని పక్కనా చిన్న చీటీ, చెక్కినవాడి పేరు, అచ్చువేసినవాడి పేరు, కొన్నవాడి పేరు, ఇచ్చినవాడి పేరు, ఏ ప్రభువు ఎప్పుడు దానం చేశాడో ఆ సంవత్సరంతో సహా. రంగు వేసినవాళ్ళ పేరు ఎక్కడా లేదు. రంగు తనంతట తనే వచ్చి కాగితం మీద కూర్చున్నట్టు.

రంగు తనంతట తను రాదు. అమ్మమ్మ చెప్పేది, వాళ్ళ అమ్మ చెప్పినదాన్ని. కార్డులు అచ్చువేసే కొట్లో పొడుగాటి బల్ల, ఉత్తరపు కిటికీ, బల్లకి అటూ ఇటూ ఆడపిల్లలు, ఒక్కొక్కళ్ళకి ఒక్క రంగు. పసుపు పిల్ల పసుపు వేసి పక్కకి జరుపుతుంది, నీలం పిల్ల నీలం వేసి పక్కకి, పచ్చ పిల్ల పచ్చ, చివర ఎరుపు. ఎరుపు చివరే వేయాలి, ముందు వేస్తే మిగతా రంగుల మీద పాకుతుంది. ఎరుపు పిల్ల కెజీయా, అమ్మమ్మ వాళ్ళ అమ్మకి సొంత పెద్దమ్మ. ఆకు రాలే కాలంలో మొదలుపెడితే ఫిబ్రవరి దాకా గుండెకాయలే, ఊళ్ళో ఎవరు ఎవరిని ప్రేమించినా ఆ ఎరుపు కెజీయాదే. మధ్య మధ్యలో తీపి కట్ట అయిపోయి వెనిగర్ కట్ట వచ్చేది, అప్పుడు తాగుబోతు ముక్కులు, ముసలి కన్యల పెదవులు. అదే గిన్నె, అదే ఇంగిలీకపు ఎరుపు, అదే కుంచె. కుంచె మొన విచ్చుకుపోతే నాలుక మీద తిప్పి తీర్చుకోవడం, పక్కపిల్లలకి పసుపు నాలుక, నీలం నాలుక, కెజీయాకి పెదవులన్నీ ఎరుపు, సబ్బుతో తోమినా పోని ఎరుపు. వీధిలో నడిచి వెళ్తుంటే, రంగు పూసుకుని ఎవరికోసం బయల్దేరావే, అని కుర్రాళ్ళు ఈలలు వేసేవారట. జీతగత్తె పెదవికి రంగు ఎక్కడిది, ఎవరు కొనిచ్చారు, అని చర్చికొచ్చే ఆడవాళ్ళు గుసగుసలాడేవారట.

ఒక ఏడు ఫిబ్రవరిలో టపా వచ్చింది. కెజీయా ఎదురుచూసిందట, ఎవరికోసమో అమ్మమ్మ చెప్పలేదు, ఎదురుచూసింది అని మాత్రం చెప్పేది, అంత దాకా చెప్పి ఎప్పుడూ టీ పోసుకునేది. కవరు విప్పితే ఇది. పెదవికి రంగులు పూసితివమ్మా. అమ్మమ్మ లెక్కలో పంపింది పచ్చరంగు పిల్ల, అమ్మ లెక్కలో చెక్క అచ్చులు చెక్కేవాడు. ఎవరైనా గానీ ఆ బల్ల ఎరిగినవాళ్ళే, ఆ పెదవులు ఎందుకు ఎర్రగా ఉన్నాయో తెలిసినవాళ్ళే, తెలిసే పంపారు. కెజీయా చెల్లెలు పొయ్యి మూత తీసి, పడెయ్యవే దీన్ని, అందట. కెజీయా కార్డుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. పసుపు చూసింది, నీలం చూసింది, ఆ ముసలి కన్య మూతి చూసింది. మూతి ఎడమ కొసన ఎరుపు గీత దాటి చెంప మీదికి వెళ్ళింది. ఆ దాటడం తన చెయ్యే. తన బల్ల మీద నుంచి, తన చేతి కింద నుంచి వెళ్ళి, దుకాణం చుట్టి, ఎవరిదో సంచిలో పడి, తిరిగి తన గుమ్మంలోకే వచ్చింది. నా పని నేను కాల్చుకుంటానా, అందట. చేతి అద్దం కాదు, గోడ అద్దం ఒకటుండేది వాళ్ళింట్లో, దాని వెనక చెక్క విప్పి, కార్డు పెట్టి, మళ్ళీ బిగించింది. ఆ తర్వాత ప్రతి పొద్దునా ఆ అద్దంలోనే జుట్టు దువ్వుకుంది.

ఆ అద్దం ఇళ్ళు మారింది, గోడలు మారింది. లియాన్ పుట్టేసరికి అమ్మమ్మ ఇంటి నడవలో ఉండేది, కోట్లు తగిలించే కొక్కేల పక్కన. ఆ ఇంటి ఆడవాళ్ళందరూ దాని ముందు నిలబడే పెదవులకి రంగు వేసుకుని బయటికి వెళ్ళేవారు. ఎవరిదైనా పెదవి అంచు దాటితే అమ్మమ్మ వంటింట్లోంచే కేకేసేది, చూసుకోవే, కెజీయా ఎరుపు! రొట్టె అంచు దాటి జామ్ కారితే కెజీయా ఎరుపు. లియాన్ బడిలో బొమ్మకి రంగులు వేసి గీత బయటికి పోతే, ఏడవకు తల్లీ, అది కెజీయా ఎరుపు, మనింట్లో వాళ్ళకి అలాగే వస్తుంది. చాలా ఏళ్ళ దాకా అది ఇంగ్లండంతా వాడే మాటే అనుకుంది లియాన్. యూనివర్సిటీలో ఒకసారి పక్కమ్మాయితో అంది, కెజీయా ఎరుపు అయిందే నీ మూతి, అని. ఆ అమ్మాయి, ఏంటీ, అంది. లియాన్, ఏం లేదు, అంది. ఆ ఏం లేదు అన్న మాట దగ్గరే మొదలైందేమో ఇదంతా. ఆ తర్వాత ఇంకా చాలా మాటలకి ఏం లేదు అంది, అమ్మ ఏం చేస్తుందంటే బడిలో పనిచేస్తుంది అంది, టీచరా అంటే కాదనలేదు. అమ్మ బడిలో పిల్లలకి భోజనం వడ్డించేది, గరిటె పట్టి, నెత్తికి వల టోపీ పెట్టుకుని. ఆ బడిలోనే లియాన్ చదివింది, వరుసలో తన వంతు వచ్చినప్పుడు అమ్మ మిగతా పిల్లలకన్నా ఒక్క బఠాణీ కూడా ఎక్కువ వేసేది కాదు, కళ్ళతో మాత్రం నవ్వేది.

ఇలాంటి కాగితాలని ఈ వృత్తిలో ఎఫెమెరా అంటారు, ఒక్కపూట బతికే వస్తువులు. ఆ మాట నేర్చుకున్న కొత్తలో ఇంటికెళ్ళి గొప్పగా చెప్తే, "ఒక్కపూటా? మన అద్దం వెనక ఉన్నావిడ మీ ముత్తాతని కూడా సాగనంపిందే," అంది అమ్మ. అప్పుడే లియాన్‌కి తట్టింది, చూపించమని అడగాలని. అమ్మ వెంటనే ఒప్పుకోలేదు. అద్దం దింపి వంటింటి బల్ల మీద బోర్లా పెట్టి, స్క్రూలు విప్పుతూ, మధ్యలో ఆగి అడిగింది.

"నవ్వరు కదా లియాన్?"

"ఎవరమ్మా?"

"అక్కడికొచ్చే వాళ్ళు. దీన్ని చూసి."

"మ్యూజియం అమ్మా అది. గౌరవంగా పెడతారు. పక్కన చీటీ ఉంటుంది, కెజీయా స్టబింగ్ అని, ఏం పని చేసేదో, ఎందుకు దాచుకుందో, అన్నీ నేనే రాస్తాను."

"గుళ్ళో పెట్టినట్టు," అంది అమ్మ, తనలో తను. స్క్రూలన్నీ విప్పి, కార్డుని చేత్తో ముట్టుకోకుండా చెక్కతో సహా జరిపి ఇచ్చింది. ఇచ్చినవారి పేరు చీటీ మీద వేస్తారని లియాన్ చెప్తే చెయ్యి అడ్డంగా ఊపింది. "నా పేరెందుకే, నేనేం చేశాను, స్క్రూలు విప్పాను. చీటీ మీద చోటుంటే ఆవిడ గురించి ఇంకో ముక్క రాయి."

లియాన్ రాసింది, చాలాసార్లు రాసింది, రాత్రి భోజనం బల్ల మీద, బస్సులో, చీటీకి అరవై మాటలే అని నియమం గనుక ఒక్కొక్క మాటా బరువు చూసి ఉంచుతూ తీస్తూ. ఎరుపు గీత దాటడం గురించి కూడా ఒక వాక్యం పెట్టింది. అమ్మమ్మ అనేది, కావాలనే దాటించేది, అది ఆవిడ సంతకం, అని. అమ్మ అనేది, తొందరే, ముక్కకింత అని కూలీ ఇస్తే ఎవరి చెయ్యి నిలుస్తుంది, అని. లియాన్‌కి చదువు చెప్పిన సంగతి మూడోది ఉంది. ఇంగిలీకంలో పాదరసం ఉంటుంది, రోజూ నాలుక మీద పెట్టుకుంటే పళ్ళు కదులుతాయి, చిగుళ్ళు నల్లబడతాయి, చెయ్యి వణుకుతుంది. కెజీయాకి నలభై రాకముందే పళ్ళన్నీ ఊడాయి, నలభై రాకముందే పోయింది. ఆ పెదవి కొసన గీత దాటినది సంతకమో తొందరో కాదు, వణుకు. ఆ సంగతి అమ్మకి చెప్పలేదు లియాన్. చీటీలో మాత్రం పెట్టింది. ఇమొజెన్ తన గదిలో, తెల్ల సోఫాలో, కాళ్ళు మడుచుకుని కూర్చుని చదివింది. "అందంగా రాశావు, లియాన్. నిజంగా." ఆ నిజంగా వినగానే తెలిసిపోయింది. "కానీ చూడు, మనవాళ్ళు నవ్వాలి. నవ్వినవాళ్ళు మళ్ళీ వస్తారు, తమ స్నేహితుల్ని తీసుకొస్తారు. ప్రేమికుల రోజున పాదరసం ఎవరు చదువుతారు చెప్పు? ఇంకోటి, పేరు పెడితే ఇది ఒక కుటుంబం కథ అయిపోతుంది. పేరు లేకపోతే అందరి కథ." లియాన్ తల ఊపింది. తాత్కాలికం అనే మాట తన ఉద్యోగం పేరు పక్కన చాలా ఏళ్ళుగా ఉంది, వసంతంలో ఖాయం చేసే ఒక్క ఉద్యోగం ఉంది, దాని మీద సంతకం ఈ తెల్ల సోఫా మనిషిది. మీరన్నది నిజమే ఇమొజెన్, అంది. ఆ మాట ఎవరూ అడక్కుండానే అంది. అది ఆమెకి ఇప్పటికీ అర్థం కాదు, తల ఊపితే సరిపోయేదిగా.

చివరి పెట్టె దగ్గరికి వచ్చి ఆగింది. చీటీ తెల్లగా, శుభ్రంగా. ముసలి కన్య, వెనిగర్ కార్డు, లండన్. చెక్క అచ్చు, మొరటు చేతిరంగు. అచ్చువేసినవారు, పంపినవారు, అందుకున్నవారు తెలియదు. పేరు వెల్లడించదలచని దాత ఇచ్చినది. తెలియదు. ఎంత సులువైన మాట. పసుపు ఎప్పుడో ఎగిరిపోయింది, నీలం బూడిదైంది, పచ్చ గోధుమరంగుకి తిరిగింది, ఎరుపొక్కటే నిన్న వేసినట్టుంది, గీత దాటిన చోట మరీను. మొరటు. ఆ మాట కూడా లియానే టైపు చేసింది. ఇమొజెన్ చెప్తుంటే తన వేళ్ళతోనే. కెజీయాకి మళ్ళీ ఒక వెనిగర్ కార్డు వచ్చింది, ఈసారి గాజు పెట్టె మీద అతికించి, పంపినవారి పేరు లేకుండా, ఆ బల్ల ఎరిగిన మనిషి దగ్గర నుంచి.

తలుపులు తీసినట్టున్నారు, హాలు ఒక్కసారి మాటలతో నిండింది, తడిసిన కోట్ల వాసన, వైన్ వాసన. ఎక్కడో మొదటి నవ్వు. తర్వాత ఇంకొకటి. హాలు మూలన ఫోటో చట్రం పెట్టారు, అది ఇమొజెన్ ఆలోచనే, బంగారు రంగు అట్ట చట్రం, చేతి అద్దం, ఒక గిన్నెలో ఎర్ర పెదవి రంగు, దూది పుల్లలు. మూతికి పూసుకుని, మూతి ముందుకు చాచి, ఫోటో దిగాలి. గడ్డం ఉన్నవాళ్ళు కూడా పూసుకుంటున్నారు. "లియాన్! ఎక్కడున్నావ్, రా, రా, నువ్వు లేకుండా ఎలా, ఇదంతా నీ వల్లే కదా," ఇమొజెన్ చెయ్యి పట్టి లాక్కెళ్ళింది, దూది పుల్ల ముంచి, గడ్డం పట్టుకుని, తనే పూసింది, చల్లగా, జిగటగా, మైనం రుచి. చుట్టూ ఫోన్లు ఎత్తారు. మూతి చాచు! లియాన్ మూతి చాచింది. చేతి అద్దంలో తన ముఖం కనిపించింది, అద్దం వెనక ఏమీ లేదు, ఒట్టి అట్ట.

అద్దం దించేసరికి గుమ్మంలో పచ్చ కోటు.

అమ్మ తల ఎత్తి వేలాడుతున్న బొమ్మని చూస్తోంది. పద్యం పెదవులు కదుపుతూ చదువుకుంటోంది, ఆమె ఎప్పుడూ అలాగే చదువుతుంది. కప్పులున్న బల్ల చూసింది. అట్ట చట్రం చూసింది, అందులో కూతుర్ని చూసింది. బెవ్ పరుగున వెళ్ళి, "నోరీన్, నీకోసం రోల్స్ దాచానమ్మా, వేడి మీదున్నాయి," అంటే, "ఉండు బెవ్, తర్వాత," అని భుజం తట్టి, గుంపు పక్కకి తొలగేదాకా ఆగి, లోపలి గదిలోకి నడిచింది. దారిలో జర్మనీ చావునీ వియన్నా గులాబీనీ చూడలేదు. చివరి పెట్టె దగ్గర ఆగి, హ్యాండ్‌బ్యాగులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, గాజుకి ముక్కు ఆనేంతగా వంగింది. లియాన్ వెనక నిలబడింది. అమ్మ చీటీ చదవడం చూసింది, పెదవులు కదలడం, తెలియదు దగ్గర ఆగడం, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదవడం.

"మీరే లియాన్ అమ్మగారు అయ్యుండాలి!" ఇమొజెన్ గ్లాసు ఎడమచేతికి మార్చుకుని చెయ్యి చాచింది. "ఎంత గొప్ప కానుకండీ ఇది. మా ప్రదర్శనకి ప్రాణం. అందరూ దీని గురించే మాట్లాడుకుంటున్నారు."

"వింటున్నా, నవ్వులు వినిపిస్తున్నాయి," అంది అమ్మ. "ఈవిడ పేరు లేదేంటమ్మా ఇక్కడ?"

"దురదృష్టం, తెలీదండీ." ఇమొజెన్ నిజంగానే అంది, అబద్ధం కాదు, చదివిన కాగితం ఆ సోఫా మీదే మర్చిపోయింది, అంతే. "ఇలాంటి ఆడవాళ్ళ పేర్లు ఎప్పుడూ దొరకవు. అదే కదా విషాదం."

అమ్మ కూతురి వైపు తిరిగింది. కోపం లేదు ఆ ముఖంలో. కోపముంటే లియాన్ బతికిపోయేది. వరుసలో ప్లేటు పట్టుకుని నిలబడ్డ పిల్లవైపు చూసినట్టు చూసింది, వంతు నీదే, చెప్పు, ఏం కావాలి. లియాన్ నోరు తెరిచింది. పెదవుల మీది మైనం అతుక్కుని విడింది. హాల్లో ఎవరో చెంచాతో గ్లాసు మీద కొట్టారు, ఉపన్యాసానికి వేళయింది. "అయ్యో, నన్నే," అని ఇమొజెన్ నవ్వి, పెద్ద అక్షరాల కాగితం విదిల్చుకుంటూ వెళ్ళిపోయింది.

"కెజీయా," అంది లియాన్. "కెజీయా స్టబింగ్."

"నాకెందుకే చెప్తున్నావు," అంది అమ్మ. "నాకు తెలుసుగా."

హాల్లోంచి మైకు గొంతు వస్తోంది, ప్రేమ గురించి, నవ్వు గురించి, మరుగునపడిన గొంతుకల గురించి. అమ్మ చేతిరుమాలు తీసింది. కొస నాలుకతో తడుపుకుంది, లియాన్ గడ్డం పట్టుకుని, చిన్నప్పుడు బడి గుమ్మంలో తుడిచినట్టే, మూతి ఎడమ కొసన గట్టిగా రుద్దింది. నొప్పి పుట్టింది. "గీత దాటిందే," అంది, మెల్లగా. ఎరుపు అంటిన రుమాలు నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుని, కోటు గుండీలు పెట్టుకుంది. పై అంతస్తు నుంచి దింపించిన కుర్చీ అక్కడే ఉంది, దానిమీద కూర్చోలేదు. "అద్దం మళ్ళీ గోడకి తగిలించాను. వెనక ఏం లేదు కదా, తేలికైపోయింది, గాలికి కొట్టుకుంటోంది," అంది వెళ్ళబోతూ. బెవ్ ఇచ్చిన రోల్స్ పొట్లం మాత్రం తీసుకుంది, తిండి వదిలేసే మనిషి కాదు. లియాన్ వెంట వెళ్ళలేదు. లోపల ఎవరో ఆమె పేరు పిలుస్తున్నారు, చప్పట్లు కొడుతున్నారు, పేరు స్పష్టంగా, తప్పులేకుండా పలుకుతున్నారు.

ఆ చీటీ మారలేదు. ఇక మారుతుందని ఎవరూ అనుకోకండి. లండన్‌లో ఎప్పుడైనా, ఏ మ్యూజియంలోనైనా, పేరు తెలియని ముసలి కన్య అద్దాన్ని ముద్దుపెట్టుకుంటుంటే చూసి మీకు నవ్వొస్తే నవ్వండి. తర్వాత కాస్త వంగి పెదవి ఎడమ కొస చూడండి. అక్కడ ఎరుపు గీత దాటి ఉంటే ఆ చెయ్యి కెజీయా స్టబింగ్‌ది. చెప్పవలసిన మనిషి చెప్పలేదు, మీరైనా గుర్తుపెట్టుకోండి.